పునాది చెప్పేది, పునాది చెప్పనిది

తొట్లకొండ స్తూపాన్ని కట్టినవాళ్లు గీత గీసి ఇచ్చి పోలేదు. అడుగుభాగం మిగిలింది, పైభాగం పోయింది. ఆ పోయిన రూపాన్ని వెతికి పట్టుకోవడం ఎలా? పట్టుకున్నాక ఎంతవరకు కట్టాలి?

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్‌రోడ్డులో రుషికొండ దాటాక, మంగమారిపేట దగ్గర ఎడమచేతి వైపు ఒక దారి మలుపులు తిరుగుతూ కొండమీదికి పోతుంది. పైకి చేరితే 128 మీటర్ల ఎత్తున విశాలమైన చదును నేల, ఎదురుగా బంగాళాఖాతం, దూరంగా లంగరేసుకుని రేవులోకి వంతు కోసం ఆగిన ఓడలు. ఆదివారం సాయంత్రం వచ్చే కుటుంబాలు ముందు సముద్రాన్ని చూస్తాయి, ఫొటోలు దిగుతాయి, ఆ తర్వాత నిదానంగా రాతి గుండ్రాల మధ్యకు వస్తాయి. అప్పుడు ఏ చిన్నపిల్లో అడుగుతుంది: "తాతా, ఇది మొత్తం ఉన్నప్పుడు ఎలా ఉండేది?" తాత ఆ రాళ్ల మీద ఖాళీగా ఉన్న ఆకాశం వంక చూస్తాడు.

పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పడానికి పురావస్తు శాస్త్రం రెండు శతాబ్దాలుగా తంటాలు పడుతోంది. తొందరపడి చెప్పిన జవాబులు కొన్ని కూలిపోయాయి కూడా.

2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు తొట్లకొండ మహాస్తూపంలో ఒక భాగం కూలింది. రెండువేల ఏళ్ల నాటి స్తూపం పోయిందని ఊరంతా బాధపడింది. ఆ బాధ న్యాయమైనదే. తర్వాత మరమ్మతులూ జరిగాయి. కానీ ఆ వార్తలో అందరూ దాటేసిన సంగతి ఒకటుంది. తవ్వకాల్లో బయటపడిన స్తూపాన్ని మన కాలంలోనే జీర్ణోద్ధరణ చేసి, జనం చూస్తున్న ఆ ఆకారానికి తెచ్చారు. మరి పడిన రాళ్లలో పాత పేర్పు ఎంత, కొత్త పేర్పు ఎంత? చూడటానికి వచ్చిన మామూలు మనిషికి ఆ తేడా తెలిసే వీలుందా? నాకు స్తూపం కూలడం కన్నా ఈ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పలేకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

విమానం నుంచి కనబడ్డ ఊరు

తొట్లకొండ ఆచూకీ దొరికింది 1976లో, నౌకాదళం తన స్థావరం కోసం ఈ తీరాన్ని ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు ఇక్కడ తవ్వింది. బయటపడింది ఒక్క స్తూపం కాదు, ఒక ఊరు. సుమారు 120 ఎకరాల్లో మహాస్తూపం, దాని చుట్టూ చిన్న స్తూపాలు, చైత్యగృహాలు, స్తంభాల మండపం, భాండాగారం, భోజనశాల, భిక్షువులు ఉండటానికి 72 గదులు, వాటి మధ్య రాయి పరిచిన బాటలు, మురుగుకాలువలు. కొండకు పేరు తెచ్చిన తొట్లు పదకొండు. వాననీటిని పట్టడానికి బండలోకి తొలిచినవి.

ఐదు రోమన్ వెండి నాణేలు, తొమ్మిది శాతవాహన సీసపు నాణేలు దొరికాయి. 1933లో విశాఖ రేవు తెరుచుకోవడానికి పద్దెనిమిది వందల ఏళ్ల ముందే సముద్ర వ్యాపారపు సొమ్ము ఈ కొండెక్కింది. హీనయాన భిక్షువుల ఈ సంఘారామం క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం రెండో శతాబ్దం వరకు బాగా వెలిగింది. అమెరికా పరిశోధకుడు లార్స్ ఫోగెలిన్ కొండ మీదే ఆగిపోకుండా చుట్టుపక్కల నేలంతా నడిచి సర్వే చేసి, 2006లో పుస్తకం వేశారు. లోకంతో పని లేకుండా కొండెక్కి కూర్చున్న సన్యాసులన్న మన ఊహను ఆ పుస్తకం బలంగా ప్రశ్నించింది.

బావికొండ, భీమిలి పావురాలకొండ, అనకాపల్లి దగ్గర శంకరం, శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండం. ఉత్తరాంధ్ర తీరమంతా ఇలాంటి కొండలే. శాలిహుండాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే వంశధార ఒడ్డున ఈ శిథిలాలనూ గుర్తుపట్టారు.

కాగితం ఉన్నవాళ్ల అదృష్టం

పోయిన కట్టడాల రూపాన్ని తిరిగి గీయడం ఐరోపాలో ఒక పెద్ద విద్య. అక్కడివాళ్లకు ఉన్న బలం కాగితం. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని కాజిల్ హోవార్డ్ అనే ప్రభువుల భవనాన్నే తీసుకోండి. బరోక్ శైలి వాస్తుశిల్పి జాన్ వాన్‌బ్రూ 1699లో దానికి రూపకల్పన మొదలుపెట్టాడు, నికొలస్ హాక్స్‌మూర్ తోడు నిలిచాడు. వాన్‌బ్రూ అనుకున్నట్టుగా అది పూర్తి కాలేదు. పడమటి భాగాన్ని తర్వాతివాళ్లు వేరే శైలిలో కట్టేశారు. అయినా వాన్‌బ్రూ మనసులో ఉన్న భవనం ఏదో ఇవాళ్టికీ తెలుసు. ఎందుకంటే కాలెన్ క్యాంప్‌బెల్ 1715లో మొదలుపెట్టిన 'విట్రూవియస్ బ్రిటానికస్' అనే సంపుటాల్లో ఆ నమూనా అచ్చయింది. 1940లో అగ్నిప్రమాదంలో భవనం గుమ్మటం కూలిపోతే 1960లలో మళ్లీ నిలబెట్టుకోగలిగారు.

మన స్తూపాల విషయంలో అలాంటి సంపుటం లేదు. అంతమాత్రాన కట్టినవాళ్లు పేరులేని గుంపు అనుకోకూడదు. కృష్ణా తీరాన జగ్గయ్యపేట స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరపు శాసనం ఉంది. కమ్మకరాష్ట్రంలోని నడతూరు గ్రామవాసి, ఆవేసని నాగచంద్రుడి కొడుకు ఆవేసని సిద్ధార్థుడు మహాచైత్యం అనే పెద్ద స్తూపం దగ్గర, అరుగు ముందు వరుసగా ఉండే ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని అందులో ఉంది. ఆవేసని అంటే శిల్పుల బృందానికి పెద్ద. తండ్రీ కొడుకులిద్దరిదీ అదే వృత్తి. నాగార్జునకొండలో అయితే మహాచైత్యం పనులు పూర్తిచేయించిన నవకమ్మికుడు, అంటే నిర్మాణ పర్యవేక్షకుడు, భదంత ఆనందుడు. దీఘ, మజ్ఝిమ నికాయాలనే బౌద్ధ గ్రంథాలు చదువుకున్న భిక్షువు. దానానికి ముందు నిలిచింది రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి. కట్టించిన ఆమె, పని చూసిన భిక్షువు, రాయి చెక్కిన మేస్త్రి, ముగ్గురూ మనకు పేర్లతో తెలుసు. వాళ్ల లెక్కల పుస్తకమే దొరకలేదు. ఆ లెక్కలన్నీ రాళ్లలో ఇమిడిపోయాయి.

వంపు రాయి చెప్పే లెక్క

రాయి నుంచి లెక్క రాబట్టడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. స్తూపం అంచున వాడిన రాతిపలక ఒకటి మట్టిలో దొరికిందనుకోండి. దాని ముందు ముఖం తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. రెండు చివరల మీదుగా నూలుదారం బిగించి పట్టుకుంటే నడుమ రాయి దారం దాటి కొంచెం ముందుకు పొడుచుకొస్తుంది. పలక పొడవు 120 సెంటీమీటర్లు, నడుమ వంపు ఒక్క సెంటీమీటరు ఉంటే, జ్యామితి ప్రకారం ఆ రాయి అమరిన వలయం వ్యాసార్ధం సుమారు 18 మీటర్లు. అదే పలకలో వంపు రెండు సెంటీమీటర్లుంటే వ్యాసార్ధం తొమ్మిది మీటర్లకు దిగుతుంది. ఒక్క ముక్క దొరికినా వలయం మొత్తం చేతికొస్తుంది. కొలిచే చేయి ఒక్క సెంటీమీటరు తప్పితే సగానికి సగం తేడా కూడా వస్తుంది. అందుకే ఈ పనిలో ఒక్క రాయి మీద ఎవరూ నమ్మకం పెట్టరు. పది ముక్కలు కొలుస్తారు, నేలమీద మిగిలిన పునాది వరసతో పోల్చి చూస్తారు.

పునాది ఇంకా చాలా చెబుతుంది. ఆంధ్రదేశపు స్తూపాల్లో చాలావాటికి అడుగున బండిచక్రం ఉంటుంది: నడుమ కుండ, చుట్టూ ఆకులు, అంచున కమ్మి. ఇవన్నీ ఇటుక గోడలు, వాటి మధ్య గదుల్లో మట్టి దట్టిస్తారు. నాగార్జునకొండ మహాచైత్యం, ఘంటసాల, శాలిహుండం ఇందుకు సాక్ష్యం. నాగార్జునకొండ మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. వాడిన ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. ఇప్పటి ఇటుకతో పోలిస్తే పలక కిందే లెక్క. అంత పెద్ద గుండ్రాన్ని పూర్తిగా ఇటుకతో నింపితే బట్టీలు చాలవు. చక్రం కట్టు వల్ల ఇటుక ఖర్చు తగ్గుతుంది, బరువు సమంగా పడుతుంది, ఆకులు బయటి గోడను లోపలికి పట్టి ఉంచుతాయి. అది ధర్మచక్రమా, మేస్త్రి తెలివా అని పండితులు వాదించుకున్నారు. రెండూ ఎందుకు కాకూడదని నా ఆలోచన. చక్రాన్ని పూజించేవాళ్లకు చక్రమే గట్టి పునాదిగా దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది?

అయితే పునాది చెప్పలేనిది ఎత్తు. పది మీటర్ల వ్యాసమున్న స్తూపం అనుకుందాం. అండం, అంటే స్తూపం గుండ్రటి ఒళ్లు, సరిగ్గా సగం బంతిలా ఉంటే దాని ఎత్తు ఐదు మీటర్లు. కింద మీటరు ఎత్తు అరుగు కలిపితే ఆరు. అదే పునాది మీద అరుగు రెండు మీటర్లకు లేపి, అండాన్ని కాస్త సాగదీసి కడితే తొమ్మిది కూడా రావచ్చు. పైన హర్మిక అనే చదరపు కట్టు, దాని మీద గొడుగుల్లాంటి ఛత్రాలు వేరే. కింద నిలబడి చూసే భక్తుడికి మొదటిది అరుగు మీద కూర్చున్న ముద్దలా, రెండోది ఆకాశంలోకి లేచిన గుడిలా కనబడుతుంది. నేల మీద రెండింటికీ ఆనవాలు ఒక్కటే.

రాతిలో దాచిన నమూనాలు

ఎత్తు కోసం వేరేచోట వెతకాలి. అదృష్టవశాత్తు ఆ కాలపువాళ్లు పెద్ద స్తూపాలతో పాటు చిన్నవీ చేశారు. తొట్లకొండ తవ్వకాల్లోనే చిన్న రాతి స్తూప నమూనాలు దొరికాయి. మొక్కుబడి కోసం చేసినవి కావచ్చు, కానీ అరుగుకూ అండానికీ నిష్పత్తి ఎంతని ఆ చేతులకు తెలుసు.

శంకరం వెళ్తే ఈ సాక్ష్యం మరింత పెద్దదిగా ఎదురొస్తుంది. బొజ్జన్నకొండ, దాని పక్కన లింగాలకొండ. 1906 నుంచి 1908 దాకా అలెగ్జాండర్ రే తవ్వించిన చోటు. లింగాలకొండ మీద బండనే తొలిచి వరసలు వరసలుగా ఏకశిలా స్తూపాలు చేశారు. ఇటుక స్తూపం పైనుంచి రాలిపోతుంది, బండలో పుట్టిన స్తూపానికి రాలడానికి కీళ్లే లేవు. ఎండకూ వానకూ అరిగినా అండం భుజం ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో ఇంకా చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. అనకాపల్లి నుంచి కొన్ని కిలోమీటర్లే. తొట్లకొండ చూసినవాళ్లు తప్పకుండా శంకరం కూడా చూడాలి. ఇక్కడ లేని సగం అక్కడ ఉంది.

ఇక అన్నిటికన్నా గొప్ప నమూనాలు అమరావతివి. ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పోయిన కట్టడానికి గీత ఎంత విలువైనదో అంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ తెలుగునేల మీద లేదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చారు. కొత్త పట్నానికి రాయి కావాలి, ఇటుక కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే దిబ్బ ఉంది. తవ్వితే చెక్కడాలున్న సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. ఆ సంగతి విని సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులను వెంటబెట్టుకుని దక్షిణాది చరిత్రంతా పోగేసిన మెకంజీయే ఆయన. 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమధ్య చెరువు తవ్వి ఉంది. పోయిందానికి ఏడుస్తూ కూర్చోకుండా తన బృందంతో స్తూపం స్థలాన్ని కొలిపించాడు, మిగిలిన పలకలను ఒక్కొక్కటే గీయించాడు. ఏ పలక ఏ దిక్కున దొరికిందో రాయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

తర్వాత జరిగింది వింటే కడుపు తరుక్కుపోతుంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి పలకలను మద్రాసు పంపించాడు. 1859లో వాటిలో చాలాభాగం ఓడెక్కి లండన్ చేరింది. 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ హుకుం మీద స్థలమంతా తోడేశారు. మరుసటి ఏడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మహాచైత్యం ఉండాల్సినచోట మిగిలింది గొయ్యి. పునాది కూడా చెదిరిన ఆ చోటికి ఇవాళ ముఖ్యమైన సాక్ష్యం మెకంజీ కాగితాలే. కొన్ని పలకలైతే రాయిగా లోకంలో ఎక్కడా లేవు, ఆ బొమ్మల్లో మాత్రమే ఉన్నాయి.

రాయిగా మిగిలిన పలకల్లో ఒకటి నాలుగడుగుల ఎత్తుది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. స్తూపం అరుగుకు తాపడంగా పెట్టిన పలక అది. దాని మీద చెక్కింది మొత్తం స్తూపమే. అడుగున రాతి వేదిక, అంటే కంచె. ద్వారం కమ్ముల మీద సింహాలు. ద్వారం వెనక అరుగు ముందుకు పొడుచుకొచ్చిన చోట వరుసగా ఐదు ఆయక స్తంభాలు. బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ఉపదేశం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులంటారు. వాటి పైన పూలదండలు వేలాడే అండం, హర్మిక, దాని మీద గుంపుగా లేచిన ఛత్రాలు, ఇరువైపులా గాల్లో ఎగిరే దేవతలు. కట్టిన శిల్పి తన కట్టడం బొమ్మను తన కట్టడం ఒంటిమీదే చెక్కి పోయాడు. ఆంధ్ర స్తూపాన్ని తిరిగి గీసిన ప్రతివాళ్లూ ఇలాంటి పలకల మీదే ఆధారపడ్డారు.

ఆ పలకను వెనక్కి తిప్పితే మరో చెక్కడం ఉంది. అది ముందు ముఖం కన్నా శతాబ్దాలు పాతది: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కే జనం. స్తూపాన్ని కొత్తగా దిద్దుకున్నప్పుడు పాత పలకనే తిప్పి, రెండోవైపు చెక్కి పెట్టారన్నమాట. స్తూపాలు ఒక్కసారి కట్టి వదిలేసిన కట్టడాలు కావు. ప్రతి తరం పెంచింది, తాపడం మార్చింది, కొత్త స్తంభాలు చేర్చింది. కాబట్టి 'అసలు రూపం' అని మనం అన్నప్పుడల్లా ఏ శతాబ్దపు రూపం అని ఎదురు ప్రశ్న వేసుకోవాలి. కాజిల్ హోవార్డ్‌కు వాన్‌బ్రూ అనే ఒక్క మనసు ఉంది. తొట్లకొండకు నాలుగు వందల ఏళ్ల మనసులున్నాయి.

ఊహ మొదలయ్యే చోటు

ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమరావతి పలకను చూసి తొట్లకొండను కట్టకూడదు. అమరావతి మహానగరం పక్కన వెలసిన మహాచైత్యం, దాని రాతి వేదిక వ్యాసమే దాదాపు 59 మీటర్లు. తొట్లకొండ తీరం మీది కొండ సంఘారామం. రాయి వేరు, సొమ్ము వేరు, కాలం వేరు. ఇక్కడ ఆయక స్తంభాలు నిలబెట్టాలంటే ముందు ఈ కొండలోనే వాటి గుంటో, ముక్కో కనబడాలి. పక్కింటి ఫొటో చూసి మన తాతగారి ముఖం గీయించుకోలేం కదా.

1964లో వెనిస్‌లో సమావేశమైన సంరక్షణ నిపుణులు ఒక నియమం రాసుకున్నారు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. తప్పక చేర్చాల్సినది ఉంటే అది కొత్తదని తెలిసిపోవాలి. తవ్వి తీసిన శిథిలాల్లో అయితే, విడిపోయిన పాత రాళ్లను వాటి చోట్లో తిరిగి పెట్టడం వరకే. కాగితం మీద ఇది తేలిక. ఊరివాళ్లు ఒకటడుగుతారు, పర్యాటక శాఖలు ఒకటడుగుతాయి, మొక్కేవాళ్లు మరొకటడుగుతారు. ముగ్గురికీ కావాల్సింది నిండుగా నిలబడ్డ స్తూపం. వాళ్ల కోరికను నేను తప్పుపట్టను. విరిగిన రాళ్ల ముందు ఎవరైనా ఎంతసేపని నిలబడతారు?

కానీ నిండుగా నిలబెట్టే తొందర ఎంత ప్రమాదమో సముద్రానికి అవతల అనురాధపురం చెబుతుంది. శ్రీలంకలోని మిరిసవేటి స్తూపాన్ని పునర్నిర్మిస్తుండగా 1987లో అది కూలిపోయింది. ఇప్పుడు యాత్రికులు మొక్కేది 1993లో పూర్తయిన కట్టడానికి.

స్తూపం ఎందుకు కూలుతుందో కొండ ప్రాంతపు మేస్త్రులకు వేరే చెప్పనక్కర్లేదు. లోపల మట్టి, బయట రాయి. పైన ఎక్కడో నెర్రె పడుతుంది, వాన లోపలికి దిగుతుంది. మట్టి తడిసి ఉబ్బి బయటి వరసను తోస్తుంది. నీరు బయటికి పోయే దారి లేకపోతే గోడ కడుపులా ముందుకొస్తుంది, ఒకరోజు జారిపోతుంది. పాత కట్టడానికి గట్టి సిమెంటు పూస్తే ఆ నీటి దారి ఇంకా మూసుకుపోతుంది. ఇనుప కమ్మీ వేస్తే ఈ తీరపు ఉప్పుగాలికి అది తుప్పు పట్టి ఉబ్బి రాయినే పగలగొడుతుంది. గానుగ సున్నం అలా కాదు, తేమను పీల్చుకుని వదులుతుంది, కొంచెం కదిలినా పగలదు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి ఆడించిన సున్నం విలువ తెలిసిన తాపీ మేస్త్రులు ఇంకా ఉన్నారు. అలాంటి చేతులను వెతికి పట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని ఎలా ఊపిందో మనందరం చూశాం. ఈ కొండ మీద ఏది కట్టినా తుపాను గాలికీ వానకూ లెక్క వేసి కట్టాలి.

ఈ పని సరిగ్గా ఎలా చేయాలో మనకు తెలియకపోలేదు. నాగార్జునసాగర్ కింద మునిగిపోతుందని తెలిశాక, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయనంతా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, కొలిచి, గీశారు. ఆ తర్వాతే ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండమీద, అనుపు అనే చోట తిరిగి పేర్చారు. తవ్వకం, కొలత, గీత ముందు, పేర్పు ఆ తర్వాత. ఆ వరస తప్పకపోవడం వల్లే అవి ఇవాళ్టికీ నమ్మదగినవిగా నిలబడ్డాయి.

తొట్లకొండ మీద 1992లోనే రాష్ట్ర పురావస్తు శాఖ పుస్తకం వేసింది. వి.వి. కృష్ణశాస్త్రి, బి. సుబ్రహ్మణ్యం, ఎన్. రామకృష్ణారావు రాసిన ఆ పుస్తకమే ఇప్పటికీ ఆధారం. దాన్నీ, తవ్వకాల నాటి కొలతలనూ, ఫొటోలనూ స్కాన్ చేసి అందరికీ తెరిచి పెట్టాలి. స్తూపం మీద ఎక్కడివరకు పాత రాయో, ఎక్కడ నుంచి కొత్త పేర్పో తెలిసేలా ఒక సన్నటి గీత, అదీ లేకపోతే వేరే రంగు సున్నం వరస ఉండాలి. నిండు రూపం చూడాలన్న పిల్లకు జవాబు స్తూపం మీద కాదు, దానికి దూరంగా ఇవ్వాలి. కొండ దిగువన ఒక గదిలో మూడు నమూనాలు పెట్టొచ్చు: తక్కువ అరుగుతో ఒకటి, ఎత్తైన అరుగుతో ఒకటి, ఛత్రాలతో ఒకటి. ఒక్కోదానిలో ఖాయంగా తెలిసినది ఒక రంగు, పొరుగు సాక్ష్యంతో అనుకున్నది ఒక రంగు, ఊహ ఒక రంగు. రేపు ఒక కొత్త రాయి దొరికితే నమూనాను మార్చేయవచ్చు. కొండ మీది స్తూపాన్ని అలా మార్చలేం. పిల్లలకు అనుమానం అర్థం కాదనుకోవడం తప్పు. మూడింటిలో ఏది నిజమని వాదించుకోవడమే వాళ్లకు ఇష్టం.

ఇప్పుడు ఫొటోల నుంచి త్రిమితీయ రూపం తీసే కంప్యూటర్ పద్ధతులు వచ్చాయి. ఒకే కట్టడాన్ని పలు కోణాల నుంచి తీసిన ఫొటోలు చాలినన్ని ఉంటే, ఏ రాయి ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. తీసినవాళ్లు నిపుణులే కావాల్సిన పని లేదు. అందువల్ల విశాఖ ఇళ్లలో బీరువాల్లో ఉన్న ఆల్బమ్‌లకు ఇప్పుడొక పని ఉంది. 1990ల్లో, 2000ల్లో కార్తీక మాసం వనభోజనాలకో, కాలేజీ విహారయాత్రకో తొట్లకొండ వెళ్లి దిగిన ఫొటోలు ఎన్ని వేలుంటాయో. అందులో మన ముఖాల వెనక స్తూపం ఉంటుంది. జీర్ణోద్ధరణకు ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో, కూలకముందు ఏ వరస ఎటు వంగి ఉందో ఆ వెనకభాగం చెబుతుంది. వాటిని స్కాన్ చేసేటప్పుడు మనుషుల వరకే కత్తిరించకండి, అంచుల దాకా రానివ్వండి. వెనకవైపు స్టూడియో ముద్ర, తేదీ ఉంటే దాన్ని కూడా స్కాన్ చేయండి. తేదీ లేకపోతే పెద్దవాళ్లను అడిగి ఏ ఏడాదో, ఏ పండగ రోజో రాసి పెట్టండి. నెగెటివ్ ఉంటే ప్రింటు కన్నా అదే మేలు, పారేయకండి. ఫోన్‌లో తీసిన కొత్త ఫొటోలైతే వాట్సాప్‌లో పంపినవి కాకుండా అసలు ఫైళ్లు దాచండి, వాట్సాప్‌లో పంపితే వివరం తగ్గిపోతుంది.